డయాజెపామ్ రెక్టల్ ట్యూబు: మందుకు పూర్తి మార్కులు, ట్యూబుకు కాదు

రేటింగ్: 5కి 4. పోయిన మార్కు మందుది కాదు, ప్లాస్టిక్‌ది.

ఏటూరునాగారం అవతలి ఊళ్లలో రాత్రిపూట పిల్లగాడికి ఫిట్స్ మొదలైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చేరడానికి రెండు గంటలైనా పడుతుంది. ఫిట్స్ 5 నిమిషాలు దాటాక తనంతట తాను ఆగే అవకాశం తగ్గుతూ పోతుంది. ఆ మధ్య కాలానికే ఈ ట్యూబు, ఫిట్స్ ఆపే డయాజెపామ్ ద్రవాన్ని మలద్వారం గుండా ఇచ్చేది. పళ్లు కరుచుకున్న నోట్లో మాత్ర వేయలేం, కొట్టుకుంటున్న చేతికి సూది ఇంట్లోవాళ్ల వల్ల కాదు. మలద్వారం లోపలి పొర ద్రవాన్ని తొందరగా పీల్చుకుంటుంది కాబట్టి మామూలుగా 5 నుంచి 15 నిమిషాల్లో ఫిట్స్ తగ్గుముఖం పట్టాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూను దూర్చడం దండగ. స్పూనుతో పళ్లు విరుగుతాయి.

మెడికల్ షాపులో "కిందినుంచి ఇచ్చే ఫిట్స్ మందు" అని అడిగితే ద్రవం ఉన్న ట్యూబు రావొచ్చు, మైనంలాంటి గుళిక (సపోజిటరీ) రావొచ్చు. రెండూ డయాజెపామే. కానీ సపోజిటరీ ముందు కరగాలి, అందుకే పని నెమ్మది. నడుస్తున్న ఫిట్స్‌కు ట్యూబే కావాలి.

డోసు డాక్టర్ చీటీలో మిల్లీగ్రాముల్లో రాసి ఉండాలి. అమెరికాలో 1997లో అనుమతి వచ్చిన డయాజెపామ్ జెల్‌కు 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకు కిలోకు 0.5 మి.గ్రా., 6 నుంచి 11 ఏళ్లకు 0.3, ఆపైన 0.2 లెక్క. ఒక్కసారికి 20 దాటదు. పోయినేడు 10 కిలోలున్న పాప ఈ ఏడు 13 కిలోలైతే పాత చీటీ పనికిరాదు. ఇంకో చిక్కుంది. విదేశాల్లో దొరికే స్టెసోలిడ్ బ్రాండు డయాజెపామ్ ట్యూబుల్లో 5 మి.గ్రా. దాంట్లోనూ 10 మి.గ్రా. దాంట్లోనూ ద్రవం 2.5 మి.లీ.లే. చూపుతో పోల్చుకోలేం, అంకె చదవాల్సిందే.

ఇచ్చే పద్ధతి కష్టం కాదు. ముందు గడియారం చూసి టైము రాసిపెట్టండి. ఎడమ పక్కకు తిప్పి, పై మోకాలు పొట్టవైపు మడవండి. మూత తిప్పి తీసి, మూతికి కాస్త జెల్లీ రాయండి. మూతిని మెల్లగా లోపలికి పెట్టండి, 3 ఏళ్ల లోపు పిల్లలకు సగం వరకే. మూతి కిందివైపు వాలేలా పట్టుకుని, బొటనవేలు, చూపుడువేలుతో పూర్తిగా నొక్కండి.

మార్కు పోయింది ఇక్కడే. నొక్కిన వేళ్లు వదిలేసి ట్యూబు బయటికి లాగితే ఉబ్బుకున్న ప్లాస్టిక్ మందును వెనక్కి పీల్చేస్తుంది. డోసు ఇచ్చామనుకుంటాం, సగం ట్యూబులోనే తిరిగి వస్తుంది. నొక్కినవి నొక్కినట్టే ఉంచి బయటికి తీయాలి. తర్వాత పిరుదులు రెండూ కాసేపు దగ్గరికి పట్టి ఉంచాలి. అడుగున ఒకటి రెండు చుక్కలు మిగలడం మామూలే, వాటి కోసం మళ్లీ పెట్టొద్దు. విరేచనంతో మందు బయటికొచ్చినా సొంతంగా రెండోది ఇవ్వొద్దు, లోపలికి ఎంత పోయిందో మనకు తెలియదు. నిశ్చయంగా 108కు ఫోన్ చేయాల్సిన సందర్భం అది. మందు ఇచ్చినా ఫిట్స్ ఆగకపోతే, ఊపిరి నెమ్మదిస్తే, పెదాలు నీలంగా మారితే కూడా అంతే. మొదటిసారి వాడుతుంటే ఫిట్స్ ఆగినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మగతగా ఉన్న పిల్లను పక్కకే పడుకోబెట్టి, ఛాతీ లేచి పడుతోందా అని చూస్తూ కూర్చోవాలి. పూర్తిగా తేరుకునేదాకా నీళ్లు కూడా వద్దు.

ఆందోళనకు వాడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. స్టెసోలిడ్ కాగితంలో తీవ్ర ఆందోళన కూడా ఉంది, అయితే అది డాక్టర్ పక్కన ఉన్నప్పటి మాట. ఇంట్లో గుండెదడకు ఈ ట్యూబు వద్దు. రోజూ వాడితే ఒళ్లు అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మానితే ఫిట్సే రావొచ్చు. మన దగ్గర కల్తీ కల్లులో పట్టుబడేది ఈ కుటుంబపు మందులే. సారా, కల్లు తాగినవాళ్లకు, నిద్రమాత్రలో ట్రమడాల్‌లాంటి నొప్పి మాత్రలో వేసుకున్నవాళ్లకు ఇది తోడైతే ఊపిరి ఆగే ముప్పుంది.

ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, షాపువాళ్లు రిజిస్టర్‌లో పేరు రాసుకుంటారు. విసుక్కోకండి. ఎక్కువ కదిలే సరుకు కాదు కాబట్టి ఎక్స్‌పైరీ నెల అక్కడే చూసుకోండి. మే నెల ఎండలో బైకు డిక్కీలో పెట్టొద్దు. లేబుల్ మీది ఉష్ణోగ్రత లోపు, పిల్లలకు అందని అరలో, అది వచ్చిన రేకు కవరులోనే ఉంచండి. ముందే సిరంజిలోకి తీసి దాచుకోవడం తప్పు, కొన్ని ప్లాస్టిక్‌లు డయాజెపామ్‌ను పీల్చుకుంటాయి. బడిలో ఒకటి ఉంచితే టీచరమ్మకు నొక్కి పట్టుకుని తీయడం ఖాళీ ట్యూబుతో ఒకసారి చూపించండి.