తెల్లవారుజామున మొరాయించే డీజిల్ పికప్: ఎనిమిదేళ్ల అనుభవం

మదనపల్లె చుట్టుపక్కల తోటల నుంచి టమాటా మండీకి తోలేవాళ్లకు తెల్లవారుజాము మూడున్నర ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఆ టైముకు బండి మొదటి సెల్ఫ్‌కే అందుకోవాలి. నాది 2018 మోడల్, బీఎస్4 (పొగ కాలుష్య ప్రమాణం), నాలుగు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్ ఉన్న పికప్. కామన్ రైల్ అంటే డీజిల్‌ను ఎక్కువ ప్రెషర్‌తో నిలిపి అన్ని సిలిండర్లకూ పంచే ఒకే గొట్టం. 2,30,000 కిలోమీటర్లు దాటింది. ఇన్నేళ్లలో స్టార్టింగ్ ట్రబుల్ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కారణం వేరు. జబ్బు ఏదో తెలియకముందే సామాన్లు మార్చి చాలా డబ్బు పోగొట్టుకున్నాను. ఇంకొకరికి అలా కాకూడదని ఇది రాస్తున్నాను.

మొదటిసారి మూడో ఏడాదిలో. సెల్ఫ్ కొడితే ఇంజన్ బరువుగా, నీరసంగా తిరిగేది. అందరూ బ్యాటరీ అన్నారు, మార్చాను. పది రోజులు బాగుంది, మళ్లీ అదే కథ. అప్పుడు ఆరు వందలు పెట్టి ఒక డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను. ఈ ఎనిమిదేళ్లలో బండి కోసం కొన్నవాటిలో నాకు ఎక్కువ ఉపయోగపడింది అదే. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే ఫుల్ ఛార్జి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా 10.9 దగ్గర నిలబడింది. పదికి బాగా కింద పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. ఇక్కడ బ్యాటరీలో బలం ఉంది, సెల్ఫ్ మోటారుకే అందడం లేదు. మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టి తమ్ముడిని సెల్ఫ్ కొట్టమన్నాను. 1.1 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు. ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న ఎర్త్ వైరు విప్పి చూస్తే బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎమరీ పేపర్‌తో రుద్ది బిగించాను, అంతే. పైసా ఖర్చు లేదు. కొత్త బ్యాటరీ డబ్బు మాత్రం అనవసరంగా పోయింది.

డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు బండిలా స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజన్ మెల్లగా తిరిగితే ఆ వేడి సిలిండర్ గోడలకు పోతుంది, గాలి రింగుల పక్క నుంచి జారిపోతుంది. అందుకే సెల్ఫ్ శబ్దం బరువుగా ఉందంటే డీజిల్ లైను జోలికి పోకండి, ముందు కరెంటు సంగతి చూడండి.

రెండోసారిది చాలా ఇబ్బంది పెట్టింది. సెల్ఫ్ చురుగ్గానే తిరిగేది, కానీ తెల్లవారుజామున పదిహేను ఇరవై సెకన్లు కొడితే గానీ అందుకునేది కాదు. ఒకసారి అందుకుంటే ఇక ఆ రోజంతా ఇబ్బంది లేదు. ఒక గ్యారేజీలో, డీజిల్‌ను కామన్ రైల్‌లోకి తోసే హై ప్రెషర్ పంపు విప్పాలి, పద్దెనిమిది వేలు అవుతుందన్నారు. రాత్రి నిద్ర పట్టలేదు. మా ఊరి పాత మెకానిక్ దగ్గరికి పోతే ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు: "సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్‌లో పొగ వస్తోందా, చూసినావా?" చూడలేదన్నాను. "రేపు చూసి రా. ఏమీ విప్పొద్దు."

ఆ ప్రశ్న విలువ అప్పుడు తెలిసింది. సెల్ఫ్ కొడుతుంటే తెల్ల పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి పోతోంది కానీ అంటుకోవడం లేదని అర్థం. అప్పుడు హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజన్‌లో సిలిండర్‌ను వేడి చేసేవి), కంప్రెషన్ (గాలిని నొక్కే బలం) వైపు చూడాలి. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. నా బండికి పొగ చుక్క కూడా లేదు. మరుసటి ఉదయం సెల్ఫ్ కొట్టకముందే ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కాను. తాళం తిప్పగానే స్టార్టయింది! రాత్రంతా నిలబడితే లైనులోని డీజిల్ ట్యాంకులోకి దిగిపోయి, ఆ జాగాలోకి ఎయిర్ చేరుతోంది. ఇంటి ముందు ఏటవాలులో ముందు చక్రాలు పైకి ఉండేలా పెట్టిన రోజు ట్రబుల్ ఎందుకు ఎక్కువగా ఉండేదో కూడా అప్పుడే అర్థమైంది.

ఎయిర్ ఎక్కడ పడుతోందో కళ్లతో కనిపించదు. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను లాగే లైను కాబట్టి గాలి లోపలికి పోతుంది, డీజిల్ చుక్క బయటికి రాదు. నలభై రూపాయల ట్రాన్స్‌పరెంట్ పైపు ముక్క తెచ్చి ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య తగిలించాను. ఇంజన్ నడుస్తుంటే అందులో బుడగల వరస. అదే ముక్కను ఫిల్టర్‌కు ముందు పెడితే ఒక్క బుడగ లేదు. అంటే దొంగ ఫిల్టర్ దగ్గరే ఉన్నాడు. విప్పితే, సర్వీసులో కొత్త ఫిల్టర్ వేసినప్పుడు పాత రబ్బరు రింగునే మళ్లీ పెట్టారని తెలిసింది, అది ఒకచోట తెగి ఉంది. ముప్పై రూపాయల రింగుతో మూడు నెలల బాధ తీరింది. ఆ పైపు ముక్కను పరీక్ష అయ్యాక తీసేయండి. డీజిల్ తగిలి కొన్నాళ్లకు గట్టిపడి పగులుతుంది.

మూడోది నిరుడు వచ్చింది, పూర్తిగా తలకిందులు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు వెంటనే స్టార్టయ్యేది. మండీలో సరుకు దించి అరగంట తర్వాత వేడి మీద కొడితే మాత్రం మొండికేసేది. వేడికి డీజిల్ పలచబడుతుంది, అరిగిన ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) లోపలి సందుల్లోంచి ఎక్కువగా రిటర్న్ పైపులోకి, అంటే మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే పైపులోకి జారిపోతుంది. కామన్ రైల్‌లో ప్రెషర్ సుమారు 200 బార్ (ప్రెషర్ కొలత) అయినా చేరితే గానీ ఇంజన్ కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. ఇంజన్ కంప్యూటర్ అంకెలను ఫోన్‌లో చూపే బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్‌లో 300 దాకా, వేడిగా ఉన్నప్పుడు 120 దగ్గరే ఆగింది. కొనేముందు మీ బండిలో అది రైల్ ప్రెషర్ చూపిస్తుందో లేదో కనుక్కోండి, చౌక రకాలు అన్ని బండ్లలో చూపించవు. తర్వాత మెకానిక్ నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్‌లకు నాలుగు సీసాలు కట్టాడు. మూడోది మిగతావాటికంటే రెండింతలకు పైగా నిండింది. ఆ ఒక్కదాన్నే బాగు చేయించాం, పంపు ముట్టుకోలేదు.

పాత బండ్లలో ఎయిర్ తీయడానికి ఇంజెక్టర్ నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టడం అలవాటు. కామన్ రైల్ బండికి దయచేసి అలా చేయకండి, చేయనివ్వకండి. ఆ ప్రెషర్‌తో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దిగుతుంది. అలాగే, గాలి తీసుకునే పైపులో స్టార్టింగ్ స్ప్రే కొట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో అది ముందే పేలి పిస్టన్‌నే దెబ్బ తీయొచ్చు. నేను ఒక్కసారి కూడా వాడలేదు.

హీటర్ ప్లగ్గుల విషయానికొస్తే, మన వాతావరణంలో కామన్ రైల్ బండి చాలా రోజులు అవి లేకపోయినా స్టార్టవుతుంది. మీటర్‌తో ఓమ్స్ (కరెంటుకు ఎంత అడ్డు ఉందో) చూస్తే మంచి ప్లగ్గు ఒకటికి అటూఇటుగా చూపిస్తుంది, పోయినది అసలేమీ చూపించదు. నావి రెండు పోయాయి, మార్చాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి నీళ్లు తీస్తున్నాను, ఎర్త్ బోల్టులు చూస్తున్నాను. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా రెండు సెకన్లలోపే అందుకుంటోంది. డిసెంబర్ చలిలో మాత్రం మొదటి సెల్ఫ్‌కు కాస్త తెల్ల పొగ కనిపిస్తోంది. కొత్త ప్లగ్గులు వేశాక కూడా అది పూర్తిగా పోలేదు. సీజన్ అయ్యాక కంప్రెషన్ పరీక్ష చేయించాలి.