వేడినీటి అనుమతి గడువు ముగిసినప్పుడు: తిరస్కరణ, షరతులు, కూలింగ్ టవర్, మూసివేత తేదీ... ఏది మేలు?

సముద్రతీరంలోని విద్యుత్ కేంద్రం తన వేడిని చల్లార్చుకోవడానికి వాడిన నీటిని తిరిగి సముద్రంలోకి వదలడానికి ఇచ్చిన అనుమతి గడువు ముగిసి, యాజమాన్యం రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు, చుట్టుపక్కల మత్స్యకారులూ తీరవాసులూ చాలాచోట్ల ఒకే మాట మీద నిలబడతారు: అనుమతి ఇవ్వొద్దు. ఏళ్ల తరబడి వలల్లో చేప తగ్గిపోవడం కళ్లారా చూసినవాళ్ల మాట అది, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. అయితే అధికారుల ముందున్నవి అవునూ కాదూ అనే రెండు జవాబులే కావు. పాత షరతులతోనే అనుమతిని పొడిగించవచ్చు, నీరు తోడేచోట ఉండే జాలీలనూ, నీరు వదిలే పైపులనూ మెరుగుపరచమని చెప్పి పొడిగించవచ్చు, నీటిని మళ్లీమళ్లీ తిప్పి వాడుకునే పద్ధతికి మారమని ఆదేశించవచ్చు, లేదా కేంద్రాన్ని మూసేసే తేదీని రాతపూర్వకంగా ఖాయం చేయవచ్చు. వీటిలో దేనికోసం పట్టుబట్టాలో ముందే తేల్చుకోని ఉద్యమానికి చివరికి మొదటిదే దక్కుతుందన్నది నా అభిప్రాయం.

పోల్చేముందు నీటి లెక్క తెలియాలి. 1000 మెగావాట్ల అణు విద్యుత్ కేంద్రం తాను పుట్టించే వేడిలో సుమారు మూడో వంతునే కరెంటుగా మార్చగలదు. మిగిలిన 2000 మెగావాట్ల వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఆ వేడినంతా సముద్రపు నీటికి ఒక్కసారే అప్పగించి, నీటి వేడి 10 డిగ్రీలకు మించి పెరగకుండా చూడాలంటే, సెకనుకు సుమారు 50 ఘనపు మీటర్లు, అంటే రోజుకు 400 కోట్ల లీటర్లకు పైగా నీరు తోడాలి. బొగ్గు కేంద్రంలో కొంత వేడి పొగగొట్టం గుండా పోతుంది కాబట్టి ఈ లెక్క కొంత తగ్గుతుందే తప్ప స్వభావం మారదు.

ఇంత నీటితోపాటు లోపలికి వచ్చే జీవాల సంగతి దగ్గరగా చూస్తేగాని ఈ వివాదం అర్థం కాదు. తోడే కాలువ మొదట్లో తిరుగుతూ ఉండే ఇనుప జాలీల రంధ్రం పాతకాలపు కేంద్రాల్లో సాధారణంగా 9.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈది తప్పించుకోలేని చేప నీటి ఒరవడికి ఆ జాలీకి అతుక్కుపోయి, ఊపిరాడక చస్తుంది. ఒక మిల్లీమీటరు మాత్రమే ఉండే చేపగుడ్డుకూ, అప్పుడే పొదిగిన పిల్లకూ ఆ జాలీ అసలు అడ్డే కాదు; అవి నేరుగా పంపులోకి, అక్కడినుంచి వేలాది సన్నని గొట్టాలతో ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే కండెన్సర్‌లోకి వెళ్లిపోతాయి. పంపు దెబ్బ, ఒక్కసారిగా పెరిగిన వేడి, గొట్టాల్లో నాచూ గుల్లలూ పట్టకుండా కలిపే క్లోరిన్, ఈ మూడూ నిమిషాల వ్యవధిలో మీద పడతాయి. అవతలి చివర బయటికి వచ్చే నీరు కంటికి తేటగానే కనిపిస్తుంది. అందుకే ఈ నష్టానికి ఫొటోలు దొరకవు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలూ ఉండవు.

విడుదల అనుమతి మీద జరిగే చర్చలో మాత్రం అందరి చూపూ బయటికి వచ్చే నీటి వేడి మీదే ఉంటుంది. నిబంధనలు కూడా చాలామటుకు అలాగే రాసి ఉన్నాయి. సముద్రపు నీరు వాడే కొత్త థర్మల్ కేంద్రాల వల్ల సముద్రజలం వేడి 7 డిగ్రీలకు మించి పెరగరాదని భారతదేశపు నిబంధన చెబుతుంది కానీ, ఆ పరిమితిని చేరడానికి ఎంత నీరు తోడవచ్చో ఆ వాక్యం చెప్పదు. ఈ లోటు ఎక్కడికి దారితీస్తుందో అమెరికాలోని న్యూజెర్సీలో బార్నెగాట్ బే పక్కనున్న ఆయిస్టర్ క్రీక్ అణు కేంద్రంలో కనిపించింది. విడుదలయ్యే నీరు మరీ వేడిగా ఉండకూడదని, కండెన్సర్ కోసం తోడే నీటికి తోడు దాదాపు అంతే పరిమాణంలో చల్లని నీటిని వేరే పంపులతో తోడి, వేడినీటిలో కలిపేవారు. కాగితం మీద డిగ్రీలు తగ్గాయి. పంపుల బారినపడే జీవాల సంఖ్య పెరిగింది. నాలుగు దారుల్లో దేన్ని తూచినా, వేడి ఎన్ని డిగ్రీలు తగ్గుతుందనే ప్రశ్న కన్నా, తోడే నీరు ఎంత తగ్గుతుందనే ప్రశ్నను ముందు పెట్టాలి.

ఇక పాత షరతులతోనే పొడిగించే దారి. దీనివల్ల కరెంటు ధర పెరగదు, ఉద్యోగాలు పోవు, సరఫరాకు ఆటంకం ఉండదు. ఈ మూడూ నిజమైన లాభాలే. కానీ అనుమతికి గడువు పెట్టిందే పరిస్థితిని మళ్లీ పరిశీలించడానికి. అమెరికాలో 1972 నాటి స్వచ్ఛ జల చట్టం కింద ఇచ్చే అనుమతులకు గరిష్ఠ గడువు 5 ఏళ్లు. వేడి విషయంలో మినహాయింపు కావాలంటే, అక్కడి సహజ జలచరాల సమతుల్యత దెబ్బతినదని రుజువు చేయాల్సిన భారం దరఖాస్తుదారుడిదే తప్ప అభ్యంతరం చెప్పేవాళ్లది కాదు. ఇంత స్పష్టమైన చట్టం ఉన్నా, కాలిఫోర్నియాలోని డయాబ్లో కాన్యన్ అణు కేంద్రపు విడుదల అనుమతి గడువు 1995లో తీరిపోయాక, కొత్త అనుమతి లేకుండానే పాతదే పాతికేళ్లకు పైగా కొనసాగింది. దరఖాస్తు సకాలంలో పెట్టి ఉంటే, నిర్ణయం వెలువడేదాకా పాత అనుమతి చెల్లుతుందన్న వెసులుబాటు దీనికి ఆధారం. తిరస్కరణ ఒక్కటే కోరేవాళ్లు ఈ సంగతిని మరీ మరీ గుర్తుంచుకోవాలి: నిర్ణయం ఆగిపోతే కేంద్రం ఆగదు, పాత పంపులు పాత వేగంతోనే తిరుగుతాయి. అదే కేంద్రం వేడినీరు పడే చిన్న సముద్రపు పాయలో 1980ల చివర్లో నల్ల అబలోనీ అనే పెద్ద సముద్రపు నత్తలు కండ క్షీణించే జబ్బుతో పెద్దయెత్తున చనిపోయాయి. ఆ జబ్బుకు కారణం ఒక బాక్టీరియా, దాన్ని ఉధృతం చేసేది వేడి. పాత షరతులను అలాగే కొనసాగించడమంటే అలాంటి కలయికకు తలుపు తెరిచి ఉంచడమే.

రెండో దారి, అంటే జాలీలూ విడుదల పైపులూ మెరుగుపరచడం, యాజమాన్యాలు తరచుగా ముందుకు తెచ్చేది. ఇందులో మేలు లేదనడం అన్యాయం. జాలీ దగ్గర నీటి వేగాన్ని సెకనుకు 15 సెంటీమీటర్లకు, అంటే అర అడుగుకు తగ్గిస్తే చాలా చేపలు ఈది బయటపడగలవు. అమెరికా 2014 నియమాల్లో చేపలు జాలీకి అతుక్కుపోకుండా కాపాడే మార్గాల్లో ఇదొకటి. సన్నని రంధ్రాల జాలీలు కొన్ని గుడ్లను ఆపుతాయి గానీ, ఆగిన గుడ్డు బతుకుతుందన్న హామీ లేదు. సముద్రంలోకి దూరంగా పైపు వేసి, వేడినీటిని అనేక రంధ్రాల గుండా వెదజల్లే డిఫ్యూజర్ వేడిని త్వరగా పలచబరుస్తుంది. కానీ దక్షిణ కాలిఫోర్నియాలోని సాన్ ఒనోఫ్రే అణు కేంద్రంలో ఇలాంటి డిఫ్యూజర్లే ఒడ్డుకు దగ్గరి మురికినీటిని లోతువైపు నెట్టడంతో, వెలుతురు చాలక అక్కడి కెల్ప్ నాచు అడవి దెబ్బతిన్నదని పరిశీలనలో తేలింది. పరిహారంగా 2008 నాటికి వీలర్ నార్త్ రీఫ్ అనే కృత్రిమ రాతిదిబ్బను పూర్తిచేశారు. ఉండాల్సినంత చేప అక్కడ చేరకపోవడంతో దాన్ని 2020 నాటికి మరింత విస్తరించాల్సి వచ్చింది. కేంద్రం 2013లోనే శాశ్వతంగా మూతపడింది, పరిహారపు పని మాత్రం ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంది. పోగొట్టుకున్నదాన్ని మళ్లీ కట్టుకోవడం ఎంత ఆలస్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడోదాని మీద నాకు ఎక్కువ నమ్మకం. వేడినీటిని గాలితో చల్లబరిచే కూలింగ్ టవర్ కట్టి అదే నీటిని తిప్పి వాడుకుంటే తోడే నీరు 90 శాతానికి మించి తగ్గుతుంది, దాంతోపాటు లోపలికి పోయే గుడ్లూ పిల్లలూ ఇంచుమించు అదే మోతాదులో తగ్గుతాయి. కాలిఫోర్నియా రాష్ట్ర జల మండలి 2010 మే నెలలో చేసిన విధానంలో తోడే నీటిని కనీసం 93 శాతం తగ్గించాలన్నది ప్రధాన మార్గం. అంతకు మునుపే ఈ లెక్క మసాచుసెట్స్‌లోని బ్రేటన్ పాయింట్ బొగ్గు కేంద్రంలో పరీక్షకు వచ్చింది. ఆ కేంద్రం మౌంట్ హోప్ అఖాతం నుంచి రోజుకు దాదాపు 380 కోట్ల లీటర్ల నీరు తోడేది. 1980ల మధ్యలో దాని నాలుగో యూనిట్‌ను ఒక్కసారి వాడి వదిలే పద్ధతికి మార్చాక అఖాతంలో చేపలు 87 శాతం పడిపోయాయని, పొరుగున ఉన్న రోడ్ ఐలండ్ రాష్ట్ర శాస్త్రవేత్తల నివేదిక 1996లో చెప్పింది. 2003లో సమాఖ్య పర్యావరణ సంస్థ ఇచ్చిన కొత్త అనుమతి తోడే నీటినీ వదిలే వేడినీ దాదాపు 95 శాతం తగ్గించమంది. యాజమాన్యం సవాలు చేసింది, 2007 చివర్లో రాజీ కుదిరింది, తర్వాత 150 మీటర్ల ఎత్తున రెండు టవర్లు లేచాయి. ఖర్చు 50 కోట్ల డాలర్లకు పైమాటే.

కానీ ఈ కథ అక్కడితో ఆగదు. బొగ్గు కరెంటు చౌక గ్యాస్‌తో పోటీ పడలేక కేంద్రం 2017లో మూతపడింది, 2019 ఏప్రిల్‌లో ఆ రెండు టవర్లనూ పేలుడు పదార్థాలతో కూల్చేశారు. టవర్ అడగడం తప్పని నేను అనడం లేదు, ఆలస్యమే తప్పు. అదే ఆదేశం 1990లలోనే అమలై ఉంటే ఆ డబ్బుకు ఫలితం చాలా ఏళ్లు దక్కేది. టవర్ వల్ల వేరే భారాలూ ఉన్నాయి: పంపులకూ ఫ్యాన్లకూ కొంత కరెంటు ఖర్చవుతుంది, గాలిలోకి నీటి ఆవిరి ఎక్కువగా పోతుంది, ఉప్పు తుంపర చుట్టుపక్కల పడే అవకాశం ఉంది, తిప్పి తిప్పి వాడటం వల్ల చిక్కబడిన ఉప్పునీటిని కొంత ఎప్పటికప్పుడు బయటికి వదలాలి. టవర్‌కు బదులు కాలువలు తవ్వుకుంటే సరిపోతుందన్న వాదనకు ఫ్లోరిడాలోని టర్కీ పాయింట్ జవాబు చెబుతుంది. బిస్కేన్ బేలోకి వేడినీరు వదలొద్దని 1970ల మొదట్లో వచ్చిన కేసు తర్వాత అక్కడ సుమారు 270 కిలోమీటర్ల పొడవున కాలువలు తవ్వారు. వాటిలో అరుదైన అమెరికన్ మొసళ్లు గుడ్లు పెట్టి పెరిగాయి, అది సంతోషించదగ్గదే. కానీ ఆవిరైపోగా మిగిలిన నీరు సముద్రం కన్నా ఉప్పగా మారి, భూమిలోకి ఇంకి, తాగునీటికి ఆధారమైన భూగర్భ జలాల వైపు పాకింది. సముద్రానికి తప్పించిన భారం నేలకు చేరింది.

మూసివేత తేదీ ఖాయం చేసుకునే నాలుగో దారికి మళ్లీ ఆయిస్టర్ క్రీకే ఉదాహరణ. 2010 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం టవర్లు కట్టాలని ముసాయిదా అనుమతిలో రాసింది. ఆ ఏడాది చివరికి, టవర్లు అడగకపోతే లైసెన్సు గడువు కన్నా పదేళ్లు ముందుగా, 2019లో మూసేస్తామని యాజమాన్యం ఒప్పుకుంది. నిజానికి 2018 సెప్టెంబరులోనే మూసింది. అఖాతానికి శాశ్వత ఉపశమనం దొరికింది, కానీ మధ్యలోని ఎనిమిదేళ్లూ పంపులు తిరుగుతూనే ఉన్నాయి. మూసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి: వేడినీటికి అలవాటుపడి అక్కడే మసలే చేపలు శీతకాలంలో కేంద్రం ఉన్నట్టుండి ఆగితే చలిదెబ్బకు చస్తాయి, ఫ్లోరిడాలో మానటీలనే పెద్ద నీటి క్షీరదాలు చలికాలం గడపడానికి విద్యుత్ కేంద్రాల వేడినీటి మీదే పెద్దయెత్తున ఆధారపడ్డాయి. కార్మికుల సంగతి, ఆ కరెంటు స్థానంలో ఏది వస్తుందన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఆగిన కేంద్రం లోటును ఇంకొక తీరంలోని పాత కేంద్రం పూడ్చితే నష్టం ఊరు మారిందే గానీ పోలేదు.

కాబట్టి కేంద్రం ఇంకా ఎన్నేళ్లు నడుస్తుందన్నదాన్ని బట్టి నేను పక్షం ఎంచుకుంటాను. పదిహేను, ఇరవై ఏళ్ల ఆయుష్షు ఉన్న కేంద్రమైతే టవర్ కోసమే పట్టుబట్టాలి, ఏ ఏడాదికి ఏ పని పూర్తి కావాలో అనుమతిలోనే రాయించుకోవాలి. ఏడెనిమిదేళ్లకు మించి నడవదనుకునేదైతే టవర్ వృథా. మూసివేత తేదీని ఆదేశంలో రాయించి, ఆలోగా చేపలు గుడ్లు పెట్టే నెలల్లో పంపుల సంఖ్య తగ్గించాలనీ, మరమ్మతుల కోసం కేంద్రాన్ని ఆపే వారాలను ఆ నెలల్లోనే పెట్టుకోవాలనీ అడగాలి. జాలీల మార్పును ఈ రెండింటికీ తోడుగా ఒప్పుకోవచ్చు, బదులుగా మాత్రం ఒప్పుకోకూడదు.

అభ్యంతర పత్రంలో "తిరస్కరించండి" అన్న వాక్యం ఉండవచ్చు, ఉండాలి కూడా. దాని కిందనే, తిరస్కరించని పక్షంలో రోజుకు తోడే నీటికి గరిష్ఠ పరిమితి ఎంత, వేడిని పైపు మూతి దగ్గర కొలుస్తారా లేక నీరు కలిసిపోయాక ఎక్కడో దూరాన కొలుస్తారా, గుడ్లనూ పిల్లలనూ లెక్కపెట్టే పనిని యాజమాన్యం ఎంచుకున్నవాళ్లకు అప్పగిస్తారా, ఆ లెక్కలు ప్రతి నెలా బయటపెడతారా అన్నవి విడివిడిగా రాసి జవాబు కోరాలి. నిర్ణయం ఆలస్యమైతే పాత అనుమతి ఎంతకాలం చెల్లుతుందో, ఆ మధ్యకాలానికి వర్తించే తాత్కాలిక పరిమితులేమిటో కూడా అదే పత్రంలో అడగాలి.