స్నిగ్ధత కొలవాలంటే ఆముదంలో గుండా, నీళ్ల గొట్టమా?

డిగ్రీ మొదటి ఏడాది ల్యాబ్‌లో స్నిగ్ధత, అంటే ద్రవం చిక్కదనం, కొలవడానికి మామూలుగా రెండు ప్రయోగాలు ఉంటాయి. ఒకటి, ఆముదం నింపిన జాడీలో చిన్న స్టీలు గుండును వదిలి, అది ఎంత వేగంగా దిగుతుందో చూడటం. రెండోది, సన్నటి గాజు కేశనాళికలోంచి నీళ్లు పారించి, ఇన్ని నిమిషాల్లో ఎన్ని నీళ్లు పడ్డాయో కొలవడం. ఏది మంచిదని పిల్లలు అడిగితే నేను గుండు ప్రయోగంతోనే మొదలుపెట్టమంటాను. దానికి ఒకే కారణం: అందులో స్నిగ్ధత కంటికి కనిపిస్తుంది. గాలిలో వదిలితే టక్కున పడిపోయే గుండు ఆముదంలోకి వెళ్లగానే నెమ్మదిస్తుంది, ఆపైన ఒకే వేగంతో దిగుతుంది. ఆ మారని వేగమే చరమవేగం. ఆ మాటను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రాని నమ్మకం ఆ ఒక్క చూపుతో వస్తుంది.

అయితే గుండు ఎంపికలోనే చాలామంది తప్పు చేస్తారు. సైకిల్ షాపులో దొరికే 3/16 అంగుళం బేరింగ్ గుండు తెచ్చి వేస్తారు. 30 డిగ్రీల ఆముదంలో, గుండు చరమవేగాన్ని చెప్పే స్టోక్స్ సూత్రం ప్రకారం, అది సెకనుకు దాదాపు 19 సెం.మీ. దిగాలి. ఆ వేగానికి రెనాల్డ్స్ సంఖ్య (ద్రవం జడత్వం దాని స్నిగ్ధతతో పోలిస్తే ఎంతో చెప్పే సంఖ్య) 2 దగ్గరికి వస్తుంది. ఆ సంఖ్య 1 కన్నా బాగా తక్కువగా ఉన్నప్పుడే స్టోక్స్ సూత్రం సరిగ్గా పనిచేస్తుంది. అదే 2 మి.మీ. వ్యాసం ఉన్న గుండైతే వేగం 3.3 సెం.మీ., రెనాల్డ్స్ సంఖ్య 0.15 లోపు. ఇక్కడ సూత్రాన్ని నమ్మవచ్చు.

గోడల సంగతి కూడా మరవకూడదు. జాడీ వ్యాసం 4 సెం.మీ. ఉంటే ఈ చిన్న గుండు కూడా గోడల ప్రభావం వల్ల పదో వంతు నెమ్మదిగా దిగుతుంది. దాన్ని సరిదిద్దకపోతే ఆముదం ఉన్నదానికన్నా చిక్కగా ఉన్నట్టు లెక్క వస్తుంది. వెడల్పాటి జాడీ, మరీ చిన్న గుండు ఉంటే ఇంకా మంచిది. గుండును ముందు ఆముదంలో తడిపి మరీ వదలాలి. పొడిగా వేస్తే గాలి బుడగను వెంట తీసుకుపోతుంది.

ఈ పద్ధతికి అసలు బలహీనత ఉష్ణోగ్రత. 20 డిగ్రీల దగ్గర ఆముదం స్నిగ్ధత దాదాపు 985 మిల్లీపాస్కల్-సెకనులు, 30 డిగ్రీలకు 450 దాకా పడిపోతుంది. సగం కూడా మిగలదు! అందుకే పొద్దున బ్యాచ్ రీడింగు, మధ్యాహ్నం బ్యాచ్ రీడింగు కలవవు. థర్మామీటరు పెట్టకుండా తీసిన రీడింగుకు విలువ లేదనే నా అభిప్రాయం. నీటికి ఈ తేడా ఐదో వంతే: 1.00 నుంచి 0.80కి.

మరి నీటిలో అదే గుండు వేస్తే? 2 మి.మీ. గుండుకు స్టోక్స్ సూత్రం సెకనుకు 18 మీటర్లకు పైగా వేగం చూపిస్తుంది. అది జరిగే పని కాదు. పలచటి ద్రవాలకు ఈ పద్ధతి పనికిరాదు, గొట్టమే దిక్కు.

గొట్టంతో చిక్కు వ్యాసార్ధం. గొట్టంలో ద్రవం ఎంత పారుతుందో చెప్పే పాయిజులీ సూత్రంలో అది నాలుగో ఘాతంలో ఉంటుంది. 1 మి.మీ. రంధ్రాన్ని ట్రావెలింగ్ మైక్రోస్కోపుతో కొలిచేటప్పుడు 0.01 మి.మీ. తప్పితే స్నిగ్ధతలో 4 శాతం తప్పు వస్తుంది. గుండును స్క్రూగేజితో అంతే తేడాతో కొలిస్తే తప్పు 1 శాతమే, ఎందుకంటే అక్కడ వర్గమే ఉంది. ద్రవాలను ఒకదానితో ఒకటి పోల్చడమే పనైతే ఆస్వాల్డ్ విస్కోమీటరు (ద్రవం దిగే సమయాన్ని కొలిచే U ఆకారపు గాజు గొట్టం) ఈ బెడదను తప్పిస్తుంది. అందులో వ్యాసార్ధం కొలవక్కర్లేదు, ప్రతిసారీ అంతే పరిమాణం పోస్తే చాలు.

గొట్టం ప్రయోగంలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది తలతన్యత, అంటే ద్రవం పైతలం సాగదీసిన పొరలా బిగుసుకునే గుణం. గొట్టం కొసన నీళ్లు చుక్కలుగా పడుతుంటాయి కదా, వేలాడే ప్రతి చుక్కా నీళ్లను గొట్టం లోపలికి వెనక్కి నెడుతుంది. చుక్క వ్యాసార్ధం 2.5 మి.మీ. అనుకుంటే, నీటి తలతన్యత 0.072 న్యూటన్/మీటరుతో ఆ పీడనం 58 పాస్కళ్లు, అంటే దాదాపు 6 మి.మీ. నీటి ఎత్తు. మనం పెట్టుకున్న నీటి మట్టం 10 సెం.మీ. అయితే అందులో 6 శాతం చుక్కలకే పోతుంది, స్నిగ్ధత ఆ మేరకు ఎక్కువ వస్తుంది. గొట్టం కొసను బీకరులోని నీళ్లలో ముంచి, మట్టాన్ని ఆ బీకరు నీటి పైతలం నుంచి కొలిస్తే ఈ తప్పు పోతుంది. ఓపిక ఉంటే రెండు రకాలుగానూ చేసి చూడండి: కొస గాలిలో ఉన్నప్పుడు ఒకసారి, నీళ్లలో మునిగి ఉన్నప్పుడు ఒకసారి. ఆ రెండు జవాబుల మధ్య వచ్చే తేడా చాలావరకు తలతన్యత వల్లే.