పాత నేవీ టగ్ మీద ఇన్నేళ్లు పనిచేశాక నా రివ్యూ

అమెరికా నేవీ రేవుల్లో పనిచేసి, రిటైరై, ప్రైవేటు చేతికి వచ్చిన నాటిక్ తరగతి టగ్ (పెద్ద ఓడల్ని లాగే, తోసే చిన్న పడవ) మాది. ఇంజన్ రూమ్‌లో మొదలుపెట్టి వీల్‌హౌస్ (టగ్‌ను నడిపే గది) దాకా దాని మీదే ఎదిగాను. ఇలాంటిది కొనొచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు: లాగే పనికైతే తనిఖీ చేయించుకుని కొనండి, ఇరుకు రేవులో ఓడలు తిప్పడానికైతే వద్దు.

ఈ తరగతి 1960ల నాటిది. పొడవు 109 అడుగులు, ఒకే డీజిల్ ఇంజన్, ఒకే ప్రొపెల్లర్, 2,000 హార్స్‌పవర్. యుద్ధనౌకల్ని జెట్టీకి చేర్చడం, బార్జీలు లాగడం, రేవులో మంటలు లేస్తే నీళ్లు కొట్టడం దీని డ్యూటీ. రేవు టగ్గే కదా అని తీసిపారేసేవాళ్లు అంతకుముందు తరం నేవీ టగ్ హోగా సంగతి తెలుసుకోవాలి. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసినప్పుడు, మండుతున్న అరిజోనా యుద్ధనౌక పక్కనున్న వెస్టల్ అనే రిపేర్ ఓడను బయటకు లాగింది ఆ టగ్గే. తర్వాత ఓక్లాండ్‌లో దశాబ్దాల పాటు ఫైర్ బోటుగా పనిచేసి, ఇప్పుడు ఆర్కాన్సా మ్యూజియంలో ఉంది.

ఇక మా బండి. రివర్స్ వేయగానే వెనకభాగం ఎడమకు జరుగుతుంది, చుక్కాని ఎటు తిప్పినా పెద్దగా వినదు. ఎడమవైపు జెట్టీకి ఆనాలంటే అదే వరం: ముక్కు ఆనించి రివర్స్ కొడితే తోక దానంతటదే వచ్చి చేరుతుంది. కుడివైపు ఆనాలంటే ఆ జరుగుడే శత్రువు, గాలి కూడా తోడైతే ఒకటే టెన్షన్. కదులుతున్న ఓడకు కట్టిన మోకు పక్కకు గుంజితే టగ్ ఒరిగిపోతుంది. అందుకే మోకు వదిలే హుక్ దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాల్సిందే. 2009 నుంచి వచ్చిన వాలియంట్ తరగతికి ఈ బాధ లేదు, రెండు జెడ్-డ్రైవ్‌లు (చుట్టూ తిరిగే ప్రొపెల్లర్లు) ఎటు కావాలంటే అటు తోస్తాయి.

ఇంజన్ మాత్రం మొండిఘటం. మాదాంట్లో ఒక్కో సిలిండర్‌లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా ఉంటాయి. సిలిండర్ హెడ్ లేదు కాబట్టి హెడ్ గాస్కెట్ గొడవ లేదు. కానీ లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) మార్చాలంటే పై పిస్టన్లను నడిపే పై క్రాంక్‌షాఫ్ట్ మొత్తం ఎత్తాలి. ఆ పని పెట్టుకున్న వారం ఇంట్లో మనిషిని కాను.

నాకు మిగిలిన అసంతృప్తి కాగితాల మీదే. అమ్మిన బ్రోకర్ ఇచ్చిన ఫైల్లో నేవీ కాలం నాటి ఇంజన్ గంటలే లేవు. పొరలు పొరలుగా వేసిన పెయింట్ కింద టగ్ అడుగుభాగం రేకు కొన్నిచోట్ల పలచబడిందని డ్రైడాక్‌లో (నీళ్లు తోడేసి ఓడల్ని రిపేర్ చేసే చోట) మందం కొలిచాకే బయటపడింది. ఎగ్జాస్ట్ పైపుల చుట్టూ ఆస్బెస్టాస్ (వేడి ఆపడానికి చుట్టే, ఊపిరితిత్తులకు చెడు చేసే పదార్థం) కూడా దొరికింది. దాన్ని తీయించడానికైన ఖర్చు మోకులన్నీ కొత్తవి కొన్నదానికంటే ఎక్కువ.

కొనేవాళ్లు బేరానికి ముందే అడుగుభాగం రేకు మందం కొలిపించండి, ఆస్బెస్టాస్ టెస్ట్ చేయించండి. అమ్మేవాడు దానికి నసిగితే వేరే టగ్ చూసుకోండి.