మా రోటరీ ఓవెన్ డీజిల్ బర్నర్: ఆ ఎర్ర బటన్ గురించే చెప్పాలి

ఓవెన్‌లో ఎన్ని ట్రేలు పడతాయి, గంటకి ఎంత డీజిల్ తాగుతుంది లాంటివి అమ్మేవాళ్లే చెబుతారు. నేను రాసేది దానికి పక్కన బిగించిన ఇటలీ తయారీ బర్నర్ గురించి, అందులోనూ కంట్రోల్ బాక్స్ మీద ఉండే ఎర్ర రీసెట్ బటన్ గురించి. మాది విజయవాడ సింగ్‌నగర్‌లో బేకరీ. పొద్దున బన్నులు, రస్కులు, సాయంత్రం పఫ్‌లు. కొన్న కొత్తలో ఆ బటన్ అంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు ఆ బర్నర్‌కి పెట్టిన డబ్బులో సగం దానికే అనుకుంటాను. అది ఏనాడూ నాతో అబద్ధం ఆడలేదు.

ఒళ్లు మండటానికి కారణం లేకపోలేదు. పిండి పొంగి, ట్రాలీ రెడీగా నిలబడిన సమయానికే ఆ బటన్ ఎర్రగా వెలుగుతుంది, బర్నర్ ఆగిపోతుంది. స్విచ్ వేస్తే ముందు ఫ్యాన్ ఒక్కటే తిరిగి, లోపల మిగిలిపోయిన డీజిల్ ఆవిరిని పొగగొట్టంలోకి తోసేస్తుంది. ఆ తర్వాతే సొలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే డీజిల్ వాల్వు, తెరుచుకుని నాజిల్ డీజిల్‌ని తుంపరగా కొడుతుంది, స్పార్క్‌కి అంటుకుంటుంది. కొన్ని సెకన్లలో ఫోటోసెల్‌కి, అంటే మంట వెలుగును కనిపెట్టే కన్నుకి, మంట కనబడలేదా, డీజిల్ ఆపేసి ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది. దాదాపు నిమిషం దాకా బటన్ నొక్కినా పలకదు. ఆ నిమిషంలో మా మాస్టర్ మొహం చూడాలి.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి మా వీధంతా మునిగినప్పుడు బర్నర్ కూడా మునిగింది. నీళ్లు తీశాక మోటారు ఆరబెట్టించాం, కంట్రోల్ బాక్స్, స్పార్క్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కొత్తవి వేయించాం. ట్యాంకులో డీజిల్ పారబోసి కొత్తది పోశాం. స్విచ్ వేస్తే అంటుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. కాసేపటికి మంట రెపరెపలాడి ఆరిపోయింది. తనంతట తనే ఇంకోసారి ప్రయత్నించింది. మళ్లీ ఆరింది. ఎర్ర లైటు.

వచ్చిన కుర్ర మెకానిక్ రీసెట్ నొక్కుతూనే ఉన్నాడు. విసుగొచ్చి, "ఏం లేదన్నా, ఫోటోసెల్లు పోయింది. దాన్ని బయటికి లాగి టార్చి చూపిస్తే మంట ఉందనుకుంటది, నడిచిపోద్ది" అన్నాడు. నాకెందుకో మనసొప్పక ఆటోనగర్ నుంచి పాత పెద్దాయనను పిలిపించాను. ఆయన వస్తూనే మెయిన్ కట్టేశారు.

"దాని కన్ను పొడిచేస్తే, మంట లేకపోయినా లోపల డీజిల్ కొడుతూనే ఉంటది బాబూ. నిండాక అంటుకుంటే తలుపు ఎటు పోద్దో, నువ్వు ఎటు పోతావో!"

తర్వాత మా రస్కుల గాజు సీసా ఒకటి అడిగి, ఫిల్టర్ కింద మర విప్పి అందులోకి పట్టారు. పైన లేత పసుపు డీజిల్, అడుగున వేలు మందాన తేటగా నీళ్లు. రెంటికీ మధ్య గీత గీసినట్టుంది. ట్యాంకు పైకి ఖాళీ అయింది కానీ, అడుగు పల్లంలోనూ పైపు వంపులోనూ వరద నీళ్లు అలాగే ఉన్నాయి. నీళ్లు బరువు కదా, కిందే దాక్కుంటాయి. పైపులో చుక్క నాజిల్‌కి చేరినప్పుడల్లా మంట చస్తోంది. పాపం ఫోటోసెల్ ఉన్నమాటే చెబుతోంది.

అసలు టెన్షన్ ఆ తర్వాత. అన్నిసార్లు రీసెట్ నొక్కినందుకు కాలని డీజిల్ మంట గదిలో అడుగున చేరింది. ఓవెన్ చల్లారేదాకా ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వేడి గదిలో ఆ డీజిల్ ఆవిరవుతూ ఉంటుంది, అప్పుడు స్పార్క్ ఇస్తే పేలినట్టే అంటుకుంటుందట. చల్లారాక బర్నర్ విప్పి, పాత గుడ్డలతో తుడిపించి, ఫ్యాన్ ఒక్కటే చాలాసేపు తిప్పారు. ట్యాంకు అడుగు నుంచి కడిగించారు, పంపులో పట్టిన గాలి తీశారు. మొదటిసారి వెలిగించేటప్పుడు మమ్మల్నందర్నీ తలుపుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబెట్టారు. నేనూ నిలబడ్డాను, ఓనర్‌నని మినహాయింపు ఇవ్వలేదు.

సర్దుబాటు కూడా అంతకుముందు చూసిందానికి వేరు. ఇదివరకు వచ్చినవాళ్లు చూపుడు రంధ్రంలోంచి మంట రంగు చూసి ఎయిర్ షట్టర్ తిప్పి వెళ్లేవారు. ఈయన పంపుకి గేజ్ పెట్టి ముందు ప్రెషర్ చూశారు. గంటకి ఎంత డీజిల్ కొడుతుందో నాజిల్ మీద ఉండే అంకె 7 బార్ ప్రెషర్ దగ్గర లెక్క. ప్రెషర్ రెట్టింపు చేస్తే డీజిల్ రెట్టింపు రాదు, సుమారు 40 శాతమే పెరుగుతుంది. వేడి చాలలేదని ప్రెషర్ పెంచుకుంటూ పోయేవాళ్లు ఇది తెలుసుకోవాలి. తర్వాత పొగగొట్టానికి చిన్న చేతి పంపు పెట్టి, తెల్ల కాగితం మీదికి పొగ లాగి, ఆ మరకను 0 నుంచి 9 దాకా ఉన్న చార్టుతో పోల్చారు. మరక కనబడీ కనబడనంత దాకా గాలి తగ్గించి, అక్కడి నుంచి కాస్త పెంచి బిగించేశారు. గాలి మరీ ఎక్కువైతే వేడి పొగగొట్టంలో పోతుంది, తక్కువైతే మసి. లీటరు డీజిల్ కాలడానికి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి కావాలి కాబట్టి కొట్టు షట్టరు మొత్తం దించి రాత్రిళ్లు కాల్చే అలవాటు కూడా మాన్పించారు. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ గదిలోనే మిగులుతుంది.

అబద్ధం ఆడలేదన్నాను కదా, ఆ మాట కొంచెం సవరించుకోవాలి. బేకరీలో మైదా దుమ్ము ఎటూ తప్పదు. అది ఫ్యాన్ రెక్కలకీ ఫోటోసెల్ గాజుకీ పట్టి, మంట బాగానే ఉన్నా లేదని ఆపేసిన రోజులున్నాయి. మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోయింది. ఇంకో లోపం, ఎన్నిసార్లు నొక్కారో ఆ బాక్స్ గుర్తుపెట్టుకోదు. నిమిషానికోసారి ఎవడైనా నొక్కుతూనే ఉండొచ్చు. అందుకే మా దగ్గర ఒక్కసారి నొక్కడమే, రెండోసారికి నాకు ఫోన్ రావాలి. రాత్రి షిఫ్ట్ కుర్రాళ్లకి ఇది నచ్చదు.

కొనమంటారా అంటే, మాకు రోజంతా ఓవెన్ నడుస్తుంది, వెనక ట్యాంకుకి స్థలముంది, ఆటోనగర్ దగ్గర. అందుకని సరిపోయింది. రోజుకి రెండు ట్రాలీలు కాల్చే చిన్న కొట్టుకి ఇన్ని తంటాలు అక్కర్లేదేమో, గ్యాస్ ఓవెన్ చూసుకోవచ్చు. కొంటే మాత్రం నాజిల్, ఫోటోసెల్ ఒక్కోటి అదనంగా తీసుకుని పెట్టుకోండి. ఆదివారం నాడు బెజవాడలో అవి దొరకబుచ్చుకోవడం నావల్ల కాలేదు.