పిల్లల బొమ్మల పోటీకి ఏ రంగులు? గోడకెక్కేదాకా నిలిచేవి, మధ్యలోనే చెడిపోయేవి

ఒక పక్క ఊరి చిత్రకారుడి ప్రదర్శన, మరో పక్క విరాళాల కోసం పిల్లల చిత్రలేఖన పోటీ. ఇలాంటి చోట పిల్లల బొమ్మకు చాలా ప్రయాణం ఉంటుంది. రెండు గంటల్లో తయారవుతుంది, న్యాయనిర్ణేతల బల్ల మీద కట్టల్లో పడి నలుగుతుంది, గోడకెక్కుతుంది, చివరికి ఎవరో కొనుక్కుని ఇంటికి తీసుకెళతారు. రంగులు కొనేవాళ్లు మాత్రం మొదటి రెండు గంటలే చూసుకుంటారు. అందుకే ఇక్కడ ఒక్కో సరుకునూ చివరి మజిలీ నుంచి వెనక్కి లెక్కగట్టి చూశాం.

పోటీల్లో ఎక్కువగా కనిపించేవి ఆయిల్ పాస్టెల్స్ కాబట్టి వాటితోనే మొదలుపెడదాం. పిల్లల కోసం వీటిని 1920ల్లో జపాన్‌కు చెందిన సకురా కంపెనీ తెచ్చింది. పికాసో లాంటి చిత్రకారులు వాడదగ్గ నాణ్యతతో 1949లో ఫ్రాన్స్‌లో సెన్నెలియర్ తయారుచేసింది. పిల్లలకు వీటిని మించిన సుఖం లేదు. నీళ్లు అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు, రంగు గాఢంగా పడుతుంది, వేలితో రుద్దితే ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. చిక్కల్లా తర్వాతే. ఇందులో వాడేది ఆరని నూనె, మైనం. అంటే బొమ్మ పూర్తిగా ఎప్పటికీ ఆరదు. పోటీ అయ్యాక షీట్లన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చారంటే పై బొమ్మ వీపుకు కింది బొమ్మ అంటుకుంటుంది, రెండూ పాడవుతాయి. ప్రతి షీటు మధ్యా బటర్ పేపర్ వేయడమే దీనికి మందు. వార్తాపత్రిక పనికిరాదు, దాని సిరా బొమ్మకెక్కుతుంది. రంగు రాలకుండా పైన కొట్టే ఫిక్సేటివ్ స్ప్రేతో సరిపోతుందనుకోవద్దు. అది పొడి పాస్టెల్‌ను పట్టినట్టు ఈ జిడ్డును పట్టదు.

గీసేటప్పుడు వచ్చే తంటాలు రెండు. మొదటిది అరచేయి. కుడిచేతి వాటం పిల్లలు పై ఎడమ మూల నుంచి, ఎడమచేతి వాటం వాళ్లు పై కుడి మూల నుంచి కిందికి దిగితే సగం మరకలు తప్పుతాయి. రెండోది మురికి పసుపు. నలుపు వేసిన చోట పసుపు రుద్దితే కడ్డీ మొనకు నలుపు అంటుకుని, ఆ తర్వాత సూర్యుడు బూడిదరంగులో వస్తాడు. లేతరంగులు ముందు, ముదురువి చివర వేయించాలి. బల్లకో గుడ్డముక్క ఉంచితే ఎప్పటికప్పుడు మొన తుడుచుకుంటారు. ఇద్దరికి ఒక డబ్బా చాలు కానీ తెలుపు, లేత నీలం విడిగా అదనంగా తెచ్చుకోండి. కలపడానికి తెలుపు, ఆకాశానికి నీలం, ఈ రెండే ముందు అరిగిపోతాయి.

మైనపు క్రేయాన్స్ ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లకు బాగుంటాయి, లావు రకమైతే ఇంకా మంచిది. రంగు పల్చగా పడుతుంది, పేపర్ తెలుపు మధ్యమధ్య తొంగిచూస్తూనే ఉంటుంది. అది లోపమే, కానీ ఆయిల్ పాస్టెల్‌లా అలుక్కుపోదు. చిన్నవాళ్ల విభాగంలో ఆ ఒక్క గుణానికే మా ఓటు.

వాటర్ కలర్స్ విషయంలో తప్పు రంగుది కాదు, పేపర్‌ది. మామూలు డ్రాయింగ్ షీటు మీద నీళ్లు పడగానే తడిసిన చోట సాగుతుంది, పక్కనున్న పొడి చోటు సాగదు, దాంతో షీటు అలల్లా ఉబ్బుతుంది. రంగు ఆ గుంటల్లోకి జారి మడుగులు కడుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరు పేపర్ బరువు గ్రాముల్లో) షీటుకు ఈ బాధ బాగా తక్కువ. అంత మందం కుదరకపోతే 200 జీఎస్ఎం తీసుకుని నాలుగువైపులా మాస్కింగ్ టేప్‌తో అట్టకు అంటించి ఇవ్వండి. పూర్తిగా ఆరాకే టేప్ తీయాలి, అదీ బొమ్మకు దూరంగా, బయటివైపుకు నెమ్మదిగా లాగాలి. టేప్ కింద మిగిలే తెల్లటి అంచుకు ఇంకో ఉపయోగం కూడా ఉంది, కిందకొస్తే చెబుతాం. బిళ్లరంగుల మీద పోటీకి ఐదు నిమిషాల ముందు తలా ఒక చుక్క నీళ్లు వేసి ఉంచితే పిల్లలు కుంచెతో గట్టిగా రుద్దక్కర్లేదు. ఒక్కొక్కరికి నీళ్లడబ్బాలు రెండు: ఒకటి కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. ఒక్కటే ఇస్తే అరగంటకల్లా అన్ని రంగులూ బురదే.

పోస్టర్ కలర్స్‌కు పిల్లలు వేసిన తప్పును కప్పేసే శక్తి ఉంది, పదేళ్లు దాటినవాళ్లకు ఇవే మా మొదటి ఎంపిక. పలుచన ఎంతో తెలియాలంటే కుంచెను ఎత్తి పట్టండి: బొట్టుగా నిదానంగా జారాలి, ధారగా కారకూడదు. అంతకంటే చిక్కగా వేస్తే ఆరాక పెచ్చులు లేస్తుంది. అందుకే పోస్టర్ కలర్ బొమ్మను చుట్టచుట్టి ఇవ్వడం అంటే దాన్ని పగలగొట్టి ఇవ్వడమే. ఆరిన పొర మీద మళ్లీ తడి కుంచె ఎక్కువసేపు ఆడిస్తే కింది రంగు కరిగి పైకొస్తుంది, ఒక్క వేటులో వేసి వదిలేయమని ముందే చెప్పాలి. ఇదే పనికి ఆక్రిలిక్ తెచ్చేవాళ్లున్నారు. ఆరాక ప్లాస్టిక్ పొరలా గట్టిపడుతుంది, బట్టల మీద పడితే పోదు, నీళ్లలో వేయడం మరిచిన కుంచె మర్నాటికి పుల్లే. పిల్లల పోటీకి వద్దు.

ఇక స్కెచ్ పెన్నులు. న్యాయనిర్ణేతల బల్ల మీద వీటిదే మెరుపు, అక్కడితో సరి. వీటిలో చాలావాటి సిరా డై రకం, వెలుతురుకు వెలిసిపోతుంది. ఒకే చోట నాలుగుసార్లు గీస్తే పేపర్ తడిసి పీచు లేస్తుంది, పల్చటి షీటైతే సిరా వెనక్కి దిగుతుంది. కొన్నవాళ్ల ఇంట్లో కిటికీ పక్కన వేలాడదీస్తే ఊదా, గులాబీ ముందు పాలిపోతాయి. డబ్బులిచ్చి కొన్న బొమ్మకు ఆ గతి పట్టించడం న్యాయం కాదు. రంగు పెన్సిళ్లకు ఈ గొడవలేవీ లేవు, ఆలస్యమొక్కటే. ఏ4 కంటే పెద్ద షీటు ఇస్తే రెండు గంటల్లో సగమూ నిండదు. ఆయిల్ పాస్టెల్‌కు మాత్రం ఏ3 ఉండాలి, లావుపాటి మొనతో ఏ4లో కళ్లూ ముక్కూ తిరగవు.

ఏది కొన్నా డబ్బా వెనక చూడండి. ఏఎస్‌టీఎం డీ 4236 అనే అమెరికా ప్రమాణం పేరు ఉంటే దీర్ఘకాలిక ఆరోగ్య హానిని పరిశీలించి లేబుల్ వేశారని అర్థం. ఈఎన్ 71-3 అనేది సీసం లాంటి మూలకాలు బయటికి వచ్చే హద్దుకు సంబంధించిన యూరోపియన్ ఆటబొమ్మల ప్రమాణం. ‘విషరహితం’ అన్న ఒక్క ముక్క తప్ప ఏ ప్రమాణం పేరూ లేని డబ్బాను పక్కన పెట్టేయండి.

షీటు వెనక పేరు బదులు నంబరే రాయాలి, అదీ పెన్సిల్‌తో, ఒక మూలన, గట్టిగా నొక్కకుండా. పెన్నుతో రాస్తే తడి తగిలినప్పుడు ముందువైపుకు దిగుతుంది. పదింటికి ఒకటి చొప్పున అదనపు షీట్లు ఉంచుకోవాలి.

గోడ దగ్గర అసలు తేడా తెలుస్తుంది. చిత్రకారుడి తైలవర్ణ చిత్రాలకు మ్యూజియంల లెక్కలో 200 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా పర్వాలేదు, పేపర్ మీది నీటిరంగులకు 50 లక్స్. రెండింటికీ ఒకే దీపం పెడితే నష్టం పిల్లల బొమ్మలకే, పైగా వెలుతురు చేసే హాని పోగవుతుందే తప్ప తిరిగి రాదు. పిల్లల వరుసను కిటికీకి ఎదురుగోడ మీద కాకుండా పక్కగోడ మీద వేయండి. పెద్దల బొమ్మలకు మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచడం రివాజు. పిల్లల బొమ్మలను అక్కడే పెడితే గీసినవాళ్లే తలెత్తి చూడాల్సొస్తుంది, 110–120 మధ్య దించండి. బొమ్మ వెనక సెలోటేప్ వాడొద్దు, జిగురు పసుపుపచ్చగా మారి పేపర్‌లోకి దిగుతుంది. క్లిప్పుతో వేలాడదీస్తే క్లిప్పుకూ బొమ్మకూ మధ్య మడిచిన అట్టముక్క ఉండాలి.

ఇందాక చెప్పిన తెల్లటి అంచు పని ఇక్కడే. ఫ్రేము కట్టేటప్పుడు బొమ్మకూ అద్దానికీ మధ్య పెట్టే అట్ట చట్రం, అంటే మౌంటు బోర్డు, బొమ్మను చుట్టూ కొంత కప్పుతుంది. అంచు వదలని బొమ్మలో ఆ మేరకు గాలిపటం తోక, పిల్లి చెవి పోతాయి. టేప్ వేయని షీట్ల మీద ముందే 2 సెంటీమీటర్ల గీత పెన్సిల్‌తో గీసి ఇవ్వండి. ఆయిల్ పాస్టెల్‌ అమ్ముడైతే, అద్దం బొమ్మను తాకకుండా మధ్యలో మౌంటు మందమైనా ఖాళీ ఉంచమని ఒక చీటీ రాసి వెనక అతికించండి. తాకితే రంగు అద్దానికే పోతుంది.