రోజూ పెట్టుకునే ఉంగరానికి రౌండ్ బ్రిలియంటే మేలు

పెళ్లి ఉంగరంలోని వజ్రానికి మా మొదటి ఓటు గుండ్రంగా చెక్కే రౌండ్ బ్రిలియంట్ కట్‌కే. 57 ముఖాలు, మూల అనేదే లేదు. ఒక క్యారెట్ (0.2 గ్రాముల) రాయి సుమారు 6.5 మిల్లీమీటర్ల వెడల్పుండాలి. వజ్రాల నాణ్యతను పరీక్షించే జీఐఏ సంస్థ సర్టిఫికెట్‌లో కట్‌కు ‘ఎక్సలెంట్’ చూసి ఆగిపోకండి. రాయి వెడల్పులో టేబుల్ (పైనుండే చదునైన ముఖం) 54–58 శాతం, లోతు 59–62.5 శాతం మధ్య ఉంటే నిశ్చింత. లోతు మించితే బరువంతా అడుగున దాగి, డబ్బు పోసి కొన్న రాయి చిన్నగా కనిపిస్తుంది. తగ్గితే వెలుతురు కిందికి జారిపోయి మెరుపు చప్పబడుతుంది.

చతురస్రంగా ఉండే ప్రిన్సెస్ కట్ కాస్త చవక. కానీ మూలలు పెళుసు, ‘వి’ ఆకారపు ప్రాంగ్స్ (రాయిని పట్టి ఉంచే కొక్కేలు) లేకపోతే పెచ్చు లేస్తుంది. ఓవల్ అందమే, నడుమ నల్లటి నీడ లేకపోతే. షాపు స్పాట్‌లైట్లను నమ్మొద్దు. రాయిని గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూపించమని గట్టిగా అడగండి.